మండ నాటిన చేను

కాదేమో, బంగారాన్ని ఎవరూ తెచ్చి దాచలేదేమో, మోసి మోసి చేతగాక అక్కడ దించేసి పోయి ఉంటారేమో అనుకుంటూ ఆ ఎండాకాలమంతా కూర్చున్నాను. ఎవరూ అంటే మనుషులు కాదు, వేడినీళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లబడేటప్పుడు, జ్వరం దిగే ఒంటికి చెమట పట్టినట్టు వదిలే నీళ్లు. ఆ నీళ్లలో గంధకం ఉంటుంది. గంధకం బంగారాన్ని పట్టుకుని పగుళ్ల వెంట పైకి వస్తుంది. దారిలో ఇనుము ఎక్కువున్న నల్లరాయి తగిలితే గంధకం బంగారం చెయ్యి వదిలేసి ఇనుముతో కలిసిపోతుంది. చెయ్యి వదిలిన బంగారం ఉన్నచోటే కూలబడుతుంది. చదువుకునేటప్పుడు ఇదంతా ఒక సమీకరణం. ఇప్పుడు మాత్రం, మిట్టమధ్యాహ్నం బస్టాండులో నెత్తిమీది మూట దించి దాని పక్కనే కూర్చుండిపోయిన మనిషి గుర్తొచ్చేవాడు.

ఆదోనిలో, బంగారం వెతికే మా కంపెనీ ఆఫీసు ఒక జిన్నింగు మిల్లు వెనక మేడమీద ఉండేది. మిల్లు ఆ కాలంలో ఆడకపోయినా దూది మాత్రం గాల్లో ఉండేది. కిటికీ తీస్తే దూది, మూస్తే ఉక్క. నేను మూసుకుని కూర్చునేదాన్ని. అయినా ఏదో సందులోంచి ఒక పోగు వచ్చి మైక్రోస్కోపు కింద రాతిముక్క మీద పడేది. అక్కడ అది మోకు అంత కనిపించేది. తీసెయ్యడం, మళ్లీ చూడటం, మళ్లీ పడటం. ఆ ఉద్యోగం గురించి నాకు అన్నింటికంటే బాగా గుర్తున్నది అదే.

ఆస్పరి వైపు చేలల్లోంచి గుడ్డసంచుల్లో రాళ్లు వచ్చేవి. వాటిని వెలుతురు దూరేంత పలచగా కోసి, గాజుపలక మీద అతికించి నా ముందు పెట్టేవాళ్లు. ఏ రాతిలో ఏ ఖనిజాలున్నాయో, ఏది ముందు గడ్డకట్టిందో ఏది తర్వాతో నేను చెప్పాలి. బంగారం నాకు కనిపించాల్సిన పని లేదు. అది కంటికి ఆనేంత ఉండదు కూడా. టన్ను రాతిని పిండి చేస్తే చిటికెడు వచ్చినా గని అంటారు. నేను వెతకాల్సింది బంగారాన్ని కాదు, బంగారం ఆగగలిగిన చోటును.

ఆ నేల కింద రెండు రకాల రాళ్లున్నాయి. ఒకటి ఎప్పటిదో లావా. నలిగి, మాగి, పచ్చగా నల్లగా తిరిగింది. దాన్నిండా ఇనుము, మెగ్నీషియం. రెండోది ఆ తర్వాత దాన్ని చీల్చుకుని పైకొచ్చిన గ్రానైటు. దాన్లో సిలికా ఎక్కువ, పొటాషియం ఎక్కువ, ఇనుము అంతంతమాత్రం. బంగారం ఉంటే ఈ రెండూ ఒరుసుకునే అంచుల్లో, తెల్లటి పలుగురాతి చారల పక్కన ఉంటుంది. అంచు వదిలి గ్రానైటులోకి పోయేకొద్దీ సిలికా పెరుగుతుంది, ఇనుము తగ్గుతుంది, "ఆశ తగ్గుతుంది" అనేవాడు మా ఇన్‌చార్జి హరికృష్ణ. తను కూడా నవ్వని జోకులు వేసే అలవాటు ఆయనది.

మా అన్న జయన్న చేను ఆ గ్రానైటు మీద ఉంది.

*

మా ఊరి చేలల మీదుగా కంపెనీ సర్వే గీత గీసినప్పుడు నేనూ వెళ్లాను. నీళ్ల మనిషి, సుత్తి మనిషి, హరికృష్ణ, నేను. ఇనుప ఊచలకు కట్టిన ఎర్ర ప్లాస్టిక్ జెండాలు కొంత దూరానికొకటి నాటుకుంటూ పోవాలి, జెండా నాటిన చోటల్లా రాయి కొట్టి సంచిలో వెయ్యాలి. మా అన్న చేను నడుమ బోర్లించిన గంగాళంలా ఒక రాతిగుండు ఉంటుంది. దాని పక్కన ఒక జెండా పడింది.

అన్న గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. మా పక్క చేను భీమప్పది. గొర్రెలుంటాయి ఆయనకు. వాటిని తోలుకుని వస్తూ దూరం నుంచే జెండా చూసి ఆగాడు.

మా వైపు చేలో పశువుల్ని మేపొద్దని చెప్పడానికి మాటలక్కర్లేదు. వేపమండ ఒకటి విరిచి చేలో నాటితే చాలు. కాపరి అల్లంత దూరం నుంచే చూసి మందను మళ్లిస్తాడు. ఎందుకు నాటావని ఎవరూ అడగరు. పంట ఉన్నా, పంట కోసేసినా, ఉత్త బీడైనా, మండ ఉంటే ఉన్నట్టే.

"ఏం జయన్నా, ఎర్రమండ పాతినావే?" అన్నాడు భీమప్ప. "గరిక గూడ లేని సేనికి మండెందుకప్పా?"

"ఇది గొర్రెలకు గాదు, బంగారానికి," అన్నాడు అన్న.

"బంగారమా? నీ సేన్లోనా? సెనక్కాయలే కాయని సేన్లో!"

"సెనక్కాయలకు వాన కావల్ల. బంగారానికి వానతో పనేముంది?"

సుత్తి మనిషి కూడా నవ్వాడు. గుండు అంచున ఒక పెచ్చు ఊడింది. ఊడిన చోట ఎండ పడి తళుక్కుమంది. అన్న గబగబా వచ్చి, మెరిసిన రేకును గోటితో లేపి, ఎంగిలితో తడిపి బొటనవేలి గోరు మీద అతికించుకున్నాడు. చెయ్యి నా ముఖం ముందు పెట్టాడు.

"సూడు పాపా."

పాపా అని పిలిచేవాళ్లు ఈ లోకంలో నాకు ఇంకా ఇద్దరున్నారు, అన్నా వదినా. చూశాను. చూడాల్సిన అవసరం లేదు. గ్రానైటులో నల్ల అభ్రకం ఉంటుంది. ఎండకూ వానకూ మాగి దానిలోని కొద్దిపాటి ఇనుము తుప్పుపడితే నలుపు పోయి పసుపు తిరుగుతుంది. రేకులు రేకులుగా ఊడుతుంది. మా ఊళ్లో దాన్ని కాకిబంగారం అంటారు.

చెప్పబోయాను. హరికృష్ణ నా వైపు చూశాడు. కంపెనీ బయటపెట్టేవరకు ఏ చేలో ఏముందో, ఏం లేదో, ఎవరికీ చెప్పకూడదు. 'లేదు' అని కూడా చెప్పకూడదు. ఒక చేలో లేదంటే పక్క చేలో ఉందేమో అనుకుంటారు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, మధ్యవాళ్లు తయారవుతారు. ఆ నియమం సబబైనదే.

"చూడాలి అన్నా," అన్నాను.

"మా పాప సూస్తానంటాంది," అన్నాడు అన్న భీమప్పతో. గోరు మీది రేకు ఇంకా అలాగే ఉంది. "ఆదోనిలో భూతద్దం కింద పెట్టి సూస్తాది."

భీమప్ప గొర్రెల్ని మళ్లించుకుని పోయాడు.

*

మృగశిర కార్తెలోనే మంచి వాన పడింది. ఆదోనిలో మేడమీద కూర్చున్న నాకు కూడా మట్టివాసన తెలిసింది. నాలుగైదు ఏళ్లుగా అంత పెందలాడే వాన చూడలేదని మిల్లు వాచ్‌మన్ అన్నాడు. ఆ వారంలోనే ఒక పొద్దున మా వదిన హనుమక్క మెట్లెక్కి వచ్చింది. సంతకు వచ్చానంది. చేతిలో సంచి ఖాళీగానే ఉంది.

లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీదే కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"ఊర్లో అందరూ ఇత్తేదానికి గొర్రు కట్టినారు. మీయన్న మంచం మీదుండాడు."

"ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. అదే నాకు అర్థం గాలే. బాగ తింటాండాడు, బాగ పండుకుంటాండాడు. ఇత్తేదెప్పుడప్పా అని ఎవురన్న అడిగితే, జెండా ఉండాది గదా అంటాడు."

"జెండా ఉంటే విత్తకూడదని ఎవరన్నారు వదినా? దాన్ని వదిలేసి చుట్టూ విత్తుకోవచ్చు."

"నేనంటే ఇంటాడా? నువ్వు సెప్పు. ఉంటే ఉందను, లేకుంటే లేదను. అంత సదువుకున్న నోరు, ఒక్క మాటకు అరిగిపోతాదా?"

"చెప్పకూడదు వదినా. నియమం అది."

"ఓయమ్మా, మడి కట్టుకున్నారా మీ కంపెనీవోళ్లు!"

నాకు నవ్వొచ్చింది, తనకు రాలేదు. నా జుట్టులో చిక్కుకున్న దూదిపోగు తీసి, వేళ్ల మధ్య నలిపి, కింద పారేసింది.

"ఎర్రనేల పాపా. పదును ఎన్ని దినాలుంటాది? ఆరిపోతే మళ్లా వాన ఎప్పుడో. వంక పక్కన సిన్నముక్కలో నేనే కొర్రలు సల్లించుకుంటి, తిండికి ఎట్లో ఒకట్ల ఎళ్లిపోతాది. కానీ అంత సేను బీడు పెట్టుకుని మగోడు మంచం మీద పండుకుంటే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటున్నారు?"

వదిన ఆలోచించింది. "అదే ఇచిత్రం. ఎవురూ ఏమీ అనుకోరు. బంగారం జయన్న అంటాండారు. మొగాన నవ్వుతారు, ఎనకాల కుళ్లుకుంటారు."

తను పోయాక నేను మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. నియమం లేకపోతే చెప్పి ఉండేదాన్నా అని నన్ను నేను అడిగాను. ఆశ పెట్టుకున్న మనిషి ముఖం చూడటం నాకు ఎప్పుడూ కష్టమే, ఆశ పోయిన ముఖం చూడటం ఇంకా కష్టం. ఈ రెండింటికీ మధ్య నిలబడటానికి నియమం ఒక గోడలా పనికొస్తోంది. దానికి ఆనుకుని కూర్చోవచ్చు. ఈ ఆలోచన నన్ను బాధపెట్టిందని చెప్పలేను. అలిసిపోయిన మనిషి ఆనుకోవడానికి గోడ దొరికితే అది ఎవరు కట్టిన గోడ అని అడగడు.

*

ఆరుద్ర కార్తెలో ఒక ఆదివారం ఊరికి పోయాను. ఆస్పరి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటోలో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో మొలకెత్తిన వేరుశనగ మొక్క ఒకటి వేళ్లతో సహా ఉంది. ఎవరికో చూపించడానికి తీసుకుపోతోంది. దారి పొడుగునా రెండు పక్కలా ఎర్రనేల మీద పచ్చటి సాళ్లు. మా అన్న చేను వచ్చినప్పుడు పన్ను ఊడిన చోటులా ఉంది.

ఇంటికి పోతే వదిన కూలికి పోయింది. అన్న వసారాలో మంచం మీద పడుకున్నాడు. పొద్దు బాగా ఎక్కింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి మంచం పక్కకు వేలాడుతోంది. ఆ చేతివేళ్లు వదులుగా, పిల్లవాడి వేళ్లలా ఉన్నాయి. నేను లేపలేదు. గడప మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. అన్న నిద్రపోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదేమో అనిపించింది. చిన్నప్పుడు నేను పడుకునేసరికి ఆయన మేలుకుని ఉండేవాడు, లేచేసరికి చేలో ఉండేవాడు. నిద్రలో ఆయన నుదుటి మీద గీతలు లేవు. అవి ముఖానివి కావని, మెలకువవని అప్పుడే తెలిసింది.

లేచాక నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "ఎప్పుడొచ్చినావు? లేపగూడదా?"

టీ తాగి చేను వైపు నడిచాం. దారిలో రచ్చబండ దగ్గర భీమప్ప ఉన్నాడు.

"సెనక్కాయలమ్మాలంటే ఆదోనికి పోతాం," అన్నాడు. "నువ్వు బంగారం అమ్మేదానికి యాడికి పోతావు జయన్నా? ప్రొద్దుటూరికా?"

"నేనెందుకు పోతా? ప్రొద్దుటూరోళ్లే బండ్లు కట్టుకుని ఈడికొస్తారు."

"వస్తే నాకు ముక్కుపుడకంత ఇడిసిపెట్టప్పా."

"నీ ముక్కుకా? ముక్కుపుడక సాలదు, బిందె కావల్ల."

అందరూ నవ్వారు. అన్న కూడా. ఆయన నడకలో ఒక తేలిక ఉంది. నాకు భయం వేసింది.

గుండు మీద కూర్చున్నాం. జెండా గాలికి చిన్నగా కొట్టుకుంటోంది.

"బంగారం యాడి నుంచి వస్తాది పాపా? రాయి పుట్టేటప్పుడే దాంట్లో ఉంటాదా?"

రాయి గురించి అడిగాడు కాబట్టి చెప్పొచ్చు. వేడినీళ్ల గురించి, గంధకం గురించి, నల్లరాయి గురించి చెప్పాను. అన్న గడ్డిపోచ నములుతూ విన్నాడు.

"అంటే గంధకం మోసుకొస్తాది."

"అవును."

"ఇనుము కనపడితే దించేస్తాది."

"దించేస్తుంది."

"కనపడకపోతే?"

"మోసుకుంటూనే పోతుంది. పోయి పోయి ఎక్కడో పలచబడి చెదిరిపోతుంది. ఎవరికీ దొరకదు."

పక్క చేలో భీమప్ప వేరుశనగలో ఎవరో కలుపుకు గుంటక తోలుతున్నారు. ఎద్దుల మెడల్లో గంటలు మందకొడిగా వినిపిస్తున్నాయి.

"మన గుండులో ఇనుముండాదా?" అన్నాడు.

అడగాల్సిన మాట అదొక్కటే, అడిగేశాడు. నేను జెండా వైపు చూశాను. "చూస్తున్నాం అన్నా."

ఆయన తల ఊపాడు. "సూడండి. బాగ సూడండి. తొందరేం లేదు."

ఆ మాట నాకు అప్పుడు ఓపికలా వినిపించింది.

*

పునర్వసు వచ్చిన కొన్నాళ్లకు హరికృష్ణ రెండు టీలు తెప్పించి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయనే టీ తెప్పించాడంటే ఏదో ముగిసిందని అర్థం.

"మీ ఊరివైపు వదిలేస్తున్నాం అరుణ గారూ. నల్లరాయి అంచు తూర్పుకు తిరిగిపోయింది. ఇటంతా శుద్ధ గ్రానైటు. మీరు చూసిందే."

"అవును."

"పంపిన శాంపిళ్లలో కూడా ఏమీ రాలేదు. జెండాలు మాత్రం తీసెయ్యాలి. మనం పోయాక అవి ఉంటే ఊళ్లో లేనిపోని కథలు. మీ ఊరే కదా, ఒకసారి పోయి తెచ్చేస్తారా?"

"ఇప్పుడు చెప్పొచ్చా?"

"లేదని చెప్పొచ్చు," అన్నాడు. టీ చల్లారిపోయిందని పక్కన పెట్టాడు. "లేదని చెప్పడానికి పర్మిషన్ వచ్చేసరికి ఎప్పుడూ ఇంతే ఆలస్యమవుతుంది."

ఆయన పోయాక, ఎందుకో, మా చేలో గుండుది ఆ పలచటి ముక్కను ఇంకోసారి వెలుతురు కింద పెట్టాను. పలకను తిప్పేకొద్దీ పలుగురాయి తెల్లబడుతూ బూడిదరంగు తిరుగుతూ నల్లబడుతూ వచ్చింది. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన గళ్లదుప్పటిలా అడ్డంగా నిలువుగా గళ్లు. సందుల్లో అభ్రకం గోధుమరంగు పుల్లలు, అంచుల్లో పసుపు. నెమ్మదిగా, ఎవరూ తొందరపెట్టకుండా చల్లారిన రాయి. గింజలన్నీ పెద్దవిగా, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. దానిలో ఏ లోపమూ లేదు. ఏ బరువునూ ఆపి దించుకోలేకపోవడం రాతికి లోపమా?

ఒక దూదిపోగు వచ్చి పడింది. తియ్యలేదు.

*

జెండాల కోసం నేను ఊరికి పోయే ముందురోజు మళ్లీ వాన పడింది. చేలో కాలు పెడితే మట్టి చెప్పుకు అంటుకుంటోంది, మంచి పదును. చుట్టూ వేరుశనగ మోకాలి కిందిదాకా వచ్చింది, పసుపుపచ్చ పూలు కనిపిస్తున్నాయి. మా చేలో గడ్డి. గట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో జెండా పీకుతూ చంకలో పెట్టుకుంటూ వచ్చాను. ఊచలకు తుప్పుపట్టి చేతులు ఎర్రబడ్డాయి. గుండు పక్కది పీకేసరికి అన్న వచ్చాడు.

"పీకేస్తాండావా?"

"కంపెనీ పోతాంది అన్నా." దారిలో ఆటోలో ఈ మాటలు చాలాసార్లు అనుకున్నాను. "ఇక్కడ ఏమీ లేదు. ఇనుము లేదు. ఆ రోజు మెరిసింది చూడు, అది..."

"కాకిబంగారం."

ఆ మాట ఆయనే అన్నాడు.

"సిన్నప్పుడు నువ్వు బొమ్మలకు అతికిస్తాంటివి గదా, అన్నం మెతుకు పెట్టి," అన్నాడు అన్న. "ఈ గుండు కాడి నుంచి తెచ్చిచ్చినోన్ని నేనే. నాకు తెలీదా?"

"మరి ఎందుకు..."

ఆయన గుండు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను, చంకలో జెండాలతో.

"ఊరికే కూచుంటే ఊరు సూస్తాది పాపా. ఏమైంది వీనికి అంటాది. సేతగాలేదా, మనసు బాగలేదా అంటాది. బంగారం కోసం కూచుంటే కుళ్లుకుంటాది." కొద్దిగా నవ్వాడు. "కుళ్లుకుంటే నయం. జాలి పడితే తట్టుకోలేను."

గాలికి గడ్డి వాలి లేచింది.

"ఒక్క పంటకారు. ఇత్తకుండా ఒక్క కారు ఈ సేను ఎట్లుంటాదో సూడాలనుకుంటి. నాయన గూడ సూడలే." చేత్తో నేల నిమిరాడు. "గడ్డి మొలుస్తాది. అంతే. పిట్టలొస్తాయి. బాగుండాది."

ఏమన్నా అది జాలే అవుతుంది.

ఆయనే లేచాడు. పంచె దులుపుకున్నాడు. "సరేలే. జెండా పీకినాక ఇంగ ఏం సెప్పుకుని కూచునేది? పదునుండాది. సెనక్కాయకు టైము దాటింది గానీ ఆముదం ఏయొచ్చు. గొర్రు భీమప్ప కాడుండాది. అడిగొస్తా."

భీమప్ప మా చేను అవతలి గట్టు మీద గొర్రెలతో ఉన్నాడు. అన్న ఆ వైపు నడిచాడు. ఆ ఆదివారం రచ్చబండ దగ్గర చూసిన నడక కాదిది. పాత నడక. ఎక్కడా కుంటు లేదు, గూని లేదు, అయినా ప్రతి అడుగు ముందు ఒక చిన్న లెక్క ఉన్నట్టు.

వదిన గడ్డిమోపుతో వచ్చింది. మోపు గట్టున పడేసి, నా చంకలో జెండాల్ని చూసింది. అన్న పోతున్న వైపు చూసింది.

"సెప్పినావా?"

"చెప్పాను. తెలుసంట."

తను ఆశ్చర్యపోలేదు. "యాడికి పోతాండాడు?"

"గొర్రు అడగడానికి. ఆముదం వేస్తాడంట." నువ్వు కోరుకున్నదే కదా అన్నట్టుగా చెప్పాను.

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఆముదానికి గూడ పురుగు పడతాది," అంది. "మందు కొట్టల్ల."

"కొడతారు కదా."

"పోయినేడు పత్తికని తెచ్చిన మందు డబ్బా మీయన్న కంట పడకుండా దినానికొక సోట దాసిపెడతాంటి పాపా. గాదె ఎనకాల. కట్టెల కింద. ఒగసారి హనుమంతరాయుని గుడి అరుగు కింద గూడ పెడితి. కూలికి పోయినా నా మనసంతా ఆ డబ్బా కాడే ఉంటాండె." గడ్డిమోపు కట్టు బిగించింది, బిగించాల్సిన పని లేకపోయినా. "ఈ యేడు పంట లేదు, డబ్బా ఇంటికి రాలేదు. మొదుట్లో నిన్ను తిడితి గానీ, ఇప్పుడు నాకు గూడ నిద్దర పడతాంది."

అంతే అంది. ఏమీ అడగలేదు. మోపు నెత్తికెత్తమని సైగ చేసింది, ఎత్తాను. వంక వైపు వెళ్లిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. వసారాలో మంచం పక్కకు వేలాడిన చెయ్యి గుర్తొచ్చింది, వదులైన వేళ్లు. తొందరేం లేదు అన్న మాట గుర్తొచ్చింది. అవతల భీమప్ప గొర్రెలు గట్టు దిగి మా చేలోకి రావడం మొదలుపెట్టాయి. మండ లేని చేను, నిండా గడ్డి. రావడంలో వాటి తప్పేమీ లేదు. అన్న ఇంకా భీమప్పను చేరలేదు, సగం దూరంలో ఉన్నాడు, పిలవడానికి చెయ్యి ఎత్తబోతున్నాడు.

చంకలోంచి ఒక ఊచ తీశాను. గుండు పక్కన అది పీకిన గుంత ఇంకా పూడలేదు. అందులోనే దించాను.

"ఏమ్మా," భీమప్ప దూరం నుంచి కేకేశాడు, "పీకిన మండ మళ్లా నాటుతాండావే?"

"ఇంకా చూడాలంట," అన్నాను, సగం దారిలో ఉన్నాయనకు కూడా వినపడేంత గట్టిగా.

భీమప్ప ఇంకేమీ అడగలేదు. నాలుకతో ఒక చప్పుడు చేసి మందను పక్కకు మళ్లించాడు. అన్న నడక ఆగింది. ఎత్తబోయిన చెయ్యి కిందికి దిగింది. ఇటు తిరగలేదు. నేను వంగి, ఊచ చుట్టూ తడిమట్టి లాగి, కదలకుండా మడమతో తొక్కాను.